రోగి ప్రస్తుతం ఉన్న చోటు

నా ఖురూజ్ నిహాయీ, అంటే ఈ దేశం నుంచి శాశ్వతంగా వెళ్ళిపోయే అనుమతి, వచ్చి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులైంది. గడువు అరవై రోజులు కాబట్టి ఇంకా ముప్పై నాలుగు మిగిలాయి. రెండు పెట్టెలు సర్ది తూచాను. ఒకటి ఇరవై రెండు కిలోల నాలుగు వందల గ్రాములు, రెండోది సరిగ్గా విమానంలో ఒప్పుకునే ఇరవై మూడు కిలోలు. బయట మిగిలినవి పద్దెనిమిది డైరీలు. వాటి బరువు ఏడు కిలోలు. పెట్టెల్లో పట్టవు, పారేయడానికి చెయ్యి రాదు. అల్ ఖోబర్‌లోని ఈ గదిలో నేను తప్ప వాటిని చదివే మనిషి ఎన్నడూ లేడు కనుక, వాటిలో ఒకదాన్ని తెరిచి మీకోసం ఇది రాస్తున్నాను.

మీకోసం అంటే, ఇప్పుడిప్పుడే గల్ఫ్ కంపెనీల్లో కంప్లయన్స్ అనే బల్ల దగ్గర కూర్చుంటున్న చిన్నవాళ్ళకోసం. నేను చేరినప్పుడు ఆ పనికి పేరు లేదు. నన్ను "ఫారాలు చూసే ఆయన" అనేవారు. బి.కాం. చదివి వచ్చి, ఖమీస్ ముషైత్ శాఖలో ఆరేళ్ళు స్టోరు చూసుకుని, తరవాత ఇక్కడి ప్రధాన కార్యాలయానికి మారాను. మా సంస్థ వినికిడి పరికరాలు అమ్మేది, మరమ్మతు చేయించేది. వాటిలో ముఖ్యమైనది కాక్లియర్ ఇంప్లాంట్. పుట్టుచెవుడు ఉన్న పిల్లలకు శస్త్రచికిత్స చేసి లోపల ఒక భాగం పెడతారు. బయట చెవి వెనక తగిలించుకునే భాగాన్ని ప్రాసెసర్ అంటారు. బయటిది పనిచేయకపోతే లోపలిది ఉన్నా ఆ పిల్లలకు ఏమీ వినిపించదు. సగం వినిపించడం, కొంచెం వినిపించడం అనేవి ఉండవు. ఈ కథకు అవసరమైన సాంకేతిక విషయం ఇంతే.

నా బల్ల మీదికి ప్రతి ఆదివారం ఉదయం ఒక జాబితా వచ్చేది. ఏ దేశాలకు, ఏ మనుషులకు, ఏ సంస్థలకు సరుకు వెళ్ళకూడదో అందులో ఉండేది. ఆ ఆంక్షల్లో చాలావరకు ఐక్యరాజ్యసమితి పెట్టినవి కావు. ఒక పెద్ద దేశం, దాని వెంట మరికొన్ని, తమంతట తాము పెట్టుకున్నవి. అయినా మా పరికరాల తయారీదారు, వాళ్ళ బ్యాంకు, వాళ్ళ బీమా కంపెనీ ఆ దేశాల చట్టం కిందే ఉండేవి కాబట్టి, ఖోబర్‌లో కూర్చున్న నేనూ దాని కిందే ఉండేవాణ్ణి. మరమ్మతుకు వెళ్ళే ప్రతి ప్రాసెసర్‌తో పాటు ఇరవై రెండు గళ్ళ ఫారం ఒకటి వెళ్ళాలి. పదో గడి: శస్త్రచికిత్స జరిగిన చోటు. పదకొండో గడి: రోగి ప్రస్తుతం ఉన్న చోటు. ఏడేళ్ళలో నేను పంపిన ఫారాల్లో ఒక్కటి కూడా తప్పుందని తిరిగి రాలేదు. ఆ మాట నేను చాలామందికి, అడగకపోయినా, చెప్పుకున్నాను.

మా ఆడియాలజిస్టు సిరియావాడు, హోమ్స్ నగరం నుంచి వచ్చినవాడు, నాకంటే నాలుగేళ్ళు చిన్న. జేబులో పెన్ను ఉన్న ప్రతివాణ్ణీ "యా ముహందిస్" అని పిలిచేవాడు. నేను ఇంజనీరును కానని మొదటి నెలలో రెండుసార్లు చెప్పాను. "మీరు గీతలు తిన్నగా గీస్తారు, అది చాలు" అన్నాడు. పది గంటల పది నిమిషాలకు అతని గదిలో మరమియ్య అనే సువాసన ఆకు వేసిన టీ, రెండు గాజు గ్లాసులు. ఐదేళ్ళు ఆ టీ తాగాను. రోజు మొత్తంలో నేను ఉద్యోగం గురించి కాకుండా మాట్లాడే పదిహేను నిమిషాలు అవే. ఈ సంగతి అప్పట్లో నేను లెక్కించలేదు.

నవంబరు నెల రెండో మంగళవారం అతను నా బల్ల మీద ఒక చిన్న డబ్బా పెట్టాడు. లోపల పాత నమూనా ప్రాసెసర్, తీగ దగ్గర పగిలినది. అతని చెల్లెలి కూతురిది. ఆ అమ్మాయికి నాలుగేళ్ళ వయసులో శస్త్రచికిత్స ఇక్కడే, దమ్మామ్‌లో జరిగింది. అప్పట్లో ఆమె తండ్రి ఇక్కడ ఉద్యోగం చేసేవాడు. కుటుంబ సభ్యుల ఇఖామాకు, అంటే నివాస అనుమతి కార్డుకు, రుసుములు పెరిగాక వాళ్ళు హోమ్స్‌కు తిరిగి వెళ్ళిపోయారు. ఇప్పుడామెకు పదమూడేళ్ళు, మామూలు బడిలో ఎనిమిదో తరగతి. తయారీదారు సిరియాలోని ఏజెన్సీని ఎప్పుడో మూసేసుకున్నాడు. అందుకని ఎవరో బంధువు అమ్మాన్ మీదుగా ఆ డబ్బాను జేబులో పెట్టుకుని తెచ్చాడు.

అతను దాన్ని కంప్యూటరుకు తగిలించి నాకు చూపించాడు. రోజుకు ఎన్ని గంటలు వాడారో ఆ యంత్రం తనలో తాను రాసుకుంటుంది. సగటు పదమూడు గంటలు. ఒక తేదీ దాకా పదమూడు, పదమూడు, పద్నాలుగు, పదమూడు. ఆ తరవాత సున్నాలు. నిద్రపోయేటప్పుడు, స్నానం చేసేటప్పుడు తప్ప తీసేది కాదన్నమాట. నేను లెక్కలు రాసే మనిషిని. నేను ఎప్పుడూ చూడని ఒక పిల్లను నాకు పరిచయం చేయాలంటే అంతకంటే మంచి మార్గం లేదు. బహుశా అది అతనికి తెలుసు.

ఫారం అతనే నింపి తెచ్చాడు. పదకొండో గడిలో ఖోబర్‌లోని తన ఇంటి చిరునామా రాశాడు.

నేను పెన్ను దాని మీద పెట్టాను. అతను నెమ్మదిగా చెప్పాడు: ఆపరేషన్ ఇక్కడే జరిగింది, ఫైలు ఇక్కడే ఉంది, యంత్రం ఇప్పుడు మీ బల్ల మీదే ఉంది, ఇందులో అబద్ధం ఎక్కడుందని.

"గడి యంత్రం గురించి అడగడం లేదు," అన్నాను. "మనిషి గురించి అడుగుతోంది."

ఇక్కడ నేను మీకు ఒకటి స్పష్టం చేయాలి. నేనేమీ భయపడి ఆ పని చేయలేదు. ఆంక్షల చట్టంలో వైద్య పరికరాలకు మినహాయింపు ఉంది. ఆ భాగాన్ని నేను నాలుగుసార్లు చదివాను. అబద్ధం రాసి దొరికిపోవడం కంటే, నిజం రాసి మినహాయింపు కోరడం ఆ అమ్మాయికే క్షేమమని నమ్మాను. అతనికి అదే చెప్పాను. అతను కాసేపు నా మొహం చూసి, "మీరు చదివారు, నేను చదవలేదు. మీ ఇష్టం, యా ముహందిస్" అన్నాడు. నేను ఫారం మళ్ళీ టైపు చేసి, పదకొండో గడిలో "హోమ్స్, సిరియా" అని రాసి, మినహాయింపు ఉన్న పేజీని జతచేసి, ఆ పేజీలో సంబంధించిన వాక్యం కింద స్కేలుతో గీత గీశాను. డైరీలో ఆ రోజుకు "రోజు సున్నా" అని గుర్తు పెట్టుకున్నాను. తిరిగి రావడానికి మామూలుగా ఇరవై ఒక్క రోజులు పడుతుంది. జనవరిలో రెండో విడత బడి తెరిచేనాటికి ఆ అమ్మాయి చెవికి చేరుతుందని లెక్క. మరుసటి ఏడాది ఆమె తొమ్మిదో తరగతి ప్రభుత్వ పరీక్ష రాయాలి.

పంతొమ్మిదో రోజు, ఆదివారం, జవాబు వచ్చింది. నాలుగు వాక్యాలు. మీ అభ్యర్థన సమీక్షలో ఉంది. సమీక్ష ముగిసేవరకు పరికరాన్ని మా వద్దే ఉంచుతాము. రోగి ఇంప్లాంట్ నంబరును మా వ్యవస్థలో తాత్కాలికంగా నిలిపివేశాము. మీ సహకారానికి కృతజ్ఞతలు.

మూడో వాక్యాన్ని మీరు దాటిపోకండి. నంబరు నిలిపివేయడం అంటే, రేపు అతను జేబులోంచి డబ్బు పెట్టి కొత్త ప్రాసెసర్ కొన్నా, మా కంప్యూటర్లలో దాన్ని ఆ అమ్మాయికి జత చేయడం కుదరదు. ఖోబర్ చిరునామా ఉండి ఉంటే ఎవరూ ఆ నంబరు వైపు చూసేవారే కాదు. అడిగింది మరమ్మతు. నా ఫారం వల్ల ఆమె పేరు ఒక జాబితాలో చేరింది.

తయారీదారు కార్యాలయానికి ఫోన్ చేశాను. ఒక యువతి చాలా మర్యాదగా మాట్లాడింది. అవును, చట్టంలో మినహాయింపు ఉంది, మీరు పంపిన పేజీ మా దగ్గర ఉంది. కానీ మా బ్యాంకు ఆ దేశం పేరు ఉన్న ఏ కాగితాన్నీ ముట్టుకోదు, అందుకని మా న్యాయ విభాగం చూడాలి. ఎంతకాలం అంటే, గడువు లేదు. ఆమె తప్పుగా ఒక్క మాట అనలేదు. ఆ సంభాషణ పదకొండు నిమిషాలు.

మర్నాడు పది గంటల పది నిమిషాలకు అతనికి చెప్పాను. అతను గ్లాసులో టీ చివరిదాకా తాగాడు. లేచి రెండు గ్లాసులూ కడిగి, బోర్లించి, గుడ్డ మీద పెట్టాడు. ఆ మర్నాటి నుంచి పది గంటల పది నిమిషాలకు అతనికి ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది.

కార్యాలయంలో నాకు తెలుగు వినిపించే గొంతు ఒక్కటే, మా కంపెనీ డ్రైవరుది. జగిత్యాల వైపు మనిషి, నాకంటే ఏడేళ్ళు పెద్ద. విషయం ఆడియాలజిస్టు నోటి నుంచే విన్నాడు. ఒక మధ్యాహ్నం ధహ్రాన్‌లో ఒక క్లినిక్కుకు వెళ్ళి వస్తుంటే, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"సారూ, గా కాగితంల గంత నిజం ఎందుకు రాస్తిరి?"

రాయాలి కదా అన్నాను.

"నేను ఈడికొచ్చిన్నాడు నా ఇఖామాల ఏమున్నదో ఎరుకేనా? గొర్ల కాపరి అని ఉండె. తొమ్మిదేండ్లు గొర్ల కాపరి పేరు మీదనే బండి నడిపిన. ఒక్క గొర్రె తోకన్న ముట్టిన్నా?" అని తనే నవ్వి, మళ్ళీ నవ్వు ఆపేశాడు. "గా పిల్లను బడిలకెళ్లి ఇంటికి పంపిన్రట. మొదటి బెంచీల కూసుండవెట్టి చూసిన్రట గని, టీచరు బోర్డు దిక్కు తిరిగి చెప్తే గీమెకేమి తెలుస్తది? చెవుటోళ్ల బడి రెండు గంటల దూరమట. ఆడపిల్లను గంత దూరం పంపరట."

ఈ దేశంలో మన జిల్లాల మనుషులకు ఇఖామా మీద ఉన్న వృత్తి ఒకటి, చేసే పని మరొకటి. మేస్త్రీ అని ఉన్నవాడు వంట చేస్తాడు, తోటమాలి అని ఉన్నవాడు లిఫ్టులు బాగుచేస్తాడు. గళ్ళు అన్నం పెట్టడానికే ఉన్నాయనీ, గడిలో ఏది రాస్తే బతుకు సాగుతుందో అది రాయాలనీ వాళ్ళకు తెలుసు. నేను ఒక్కణ్ణే గడి అడిగిన ప్రశ్నకు జవాబు రాసినవాణ్ణి.

ఇప్పుడు అసలు రోజు గురించి రాయాలి. నలభై నాలుగో రోజు, డిసెంబరు చివరి గురువారం.

కొత్త నమూనాకు మారిన రోగులు తమ పాత ప్రాసెసర్లు మాకు తిరిగి ఇచ్చేవారు. అవి చాలావరకు పనిచేసేవే. ఎవరూ మళ్ళీ అమ్ముకోకుండా మూడు నెలలకొకసారి వాటిని సుత్తితో పగలగొట్టి తయారీదారుకు పత్రం పంపాలని నియమం. దానికి ఇద్దరుండాలి: ఒకరు కొట్టేవారు, ఒకరు నంబరు చదివి టిక్కు పెట్టేవారు. ఏళ్ళ తరబడి ఆ ఇద్దరం మేమే. కింది అంతస్తులోని వర్క్‌షాపులో, మధ్యాహ్నపు అసర్ నమాజు తరవాత, ఇనప దిమ్మె ముందు నిలబడేవాళ్ళం. ఆ గురువారం ట్రేలో పద్నాలుగు ఉన్నాయి.

ఆరు అయ్యాయి. ఏడోది అతను చేతిలోకి తీసుకున్నాడు. నేను నంబరు చదివాను. అతని మేనకోడలిది ఏ నమూనానో సరిగ్గా అదే. పాత నమూనాలను తయారీదారు వ్యవస్థతో సంబంధం లేకుండా, ఇంటర్నెట్ అక్కర లేకుండా, పాత ల్యాప్‌టాప్‌తో ఏ ఇంప్లాంటుకైనా సరిచేయవచ్చు. ఆ ల్యాప్‌టాప్ అతని బీరువాలో ఉంది. ఆ అమ్మాయి వినికిడి కొలతలు అందులోనే ఉన్నాయి. ఇది అతనికి తెలుసు. నాకూ తెలుసు.

అతను దాని మైక్రోఫోను మీది దుమ్మును బొటనవేలితో తుడిచాడు. పగలగొట్టబోయే వస్తువుకు దుమ్ము తుడవడం నేను అంతకు ముందు చూడలేదు.

"ఇవాళ ఎన్ని, యా ముహందిస్?"

"పద్నాలుగు."

"పద్నాలుగేనా?"

"పద్నాలుగే."

అతను దాన్ని దిమ్మె మీద పెట్టాడు. నా వైపు చూశాడు. గోడ గడియారం చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నేను పెన్ను కాగితం మీద ఆనించి ఉంచాను. అతను కొట్టాడు. ఒక్క దెబ్బ. మిగతావాటికి రెండేసి, మూడేసి పట్టాయి.

అతను అడుగుతున్నది నాకు అర్థం కాలేదని రాస్తే, ఈ పుటల్లో అది మొదటి అబద్ధం అవుతుంది. అర్థమైంది. అతను నోరు తెరిచి అడిగితే ఏం చేయాలో ఆలోచిద్దామనుకున్నాను. అడిగించుకోకుండా నేనే పదమూడు అంటానేమోనని అతను చూశాడు. మేము మంచి సహోద్యోగులం. ఒకరినొకరు ఇబ్బంది పెట్టడం మాకు చేతకాదు. పత్రం మీద ఇద్దరం సంతకాలు చేశాం. ఆ రోజు డైరీలో నేను రాసింది ఇది: "ట్రేలో 14. పగిలినవి 14. తేడా లేదు."

ఫిబ్రవరిలో అతను బదిలీ అడిగి, దేశం దక్షిణపు కొసన ఉన్న నజ్రాన్ శాఖకు వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు అందరితో చేతులు కలిపాడు, నాతో కూడా. రెండు గాజు గ్లాసులు అల్మారాలో అలాగే వదిలేశాడు. కొన్నాళ్ళు నేనే పది గంటల పది నిమిషాలకు టీ పెట్టుకున్నాను. ఆ ఆకు ఎంతసేపు మరగాలో నాకు తెలియలేదు. చేదుగా వచ్చేది. తరవాత మానేశాను. శుక్రవారాలు సముద్రపు ఒడ్డున నడిచేవాణ్ణి, వెళ్ళేటప్పుడు ఆరు వేల అడుగులు, వచ్చేటప్పుడు ఆరు వేలు. డ్రైవరు కూడా ఆ వేసవిలో ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఆఫీసులో తెలుగు నా తలలోనే మిగిలింది.

ప్రతి నెలా మొదటి తేదీన తయారీదారుకు ఉత్తరం రాసేవాణ్ణి. ఇరవై రాశాను. ఇరవై జవాబులు వచ్చాయి, అన్నీ ఒకే మాట: సమీక్షలో ఉంది. పదమూడేళ్ళ పిల్ల ఒకతి తల్లి పెదవుల వంక చూస్తూ ఇంట్లో కూర్చుని ఉందని నేను వాళ్ళకు ఎన్ని విధాలుగా రాసినా, ఆ వాక్యానికి వాళ్ళ దగ్గర జవాబు చెప్పే విభాగం లేదు. ఎవరి మీదనో కోపంతో పెట్టిన ఆంక్ష అది. ఆ ఎవరో ఒక్కరికైనా వినికిడి తగ్గిందని నేను ఎక్కడా చదవలేదు.

తరవాత ఆ దేశంలో ప్రభుత్వం మారింది, ఆంక్షలు ఎత్తివేస్తున్నామన్నారు. ఆరు వందల నలభై నాలుగో రోజున, అదీ మంగళవారమే, సరిగ్గా తొంభై రెండు వారాలకు, నాకు మెయిలు వచ్చింది. సమీక్ష పూర్తయింది. అభ్యంతరం లేదు. పాత పరికరం మరమ్మతుకు పనికిరాదు కనుక కొత్తది పంపుతున్నాము. దయచేసి ఫారం మళ్ళీ నింపండి.

నజ్రాన్‌కు ఫోన్ చేశాను. సలాం తరవాత అతనికి మెయిలు చదివి వినిపించాను. తల్లీకూతుళ్ళు విజిట్ వీసా మీద తన దగ్గరే ఉన్నారని చెప్పాడు. కొరియరులో పంపవచ్చు. నేను సెలవు పెట్టి, బస్సులో పద్దెనిమిది గంటలు ప్రయాణం చేసి, డబ్బాను ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను.

ఆ అమ్మాయికి ఇప్పుడు పదిహేనేళ్ళు. మామయ్యకంటే రెండంగుళాలు తక్కువ. తల్లితో చేతి సైగలతో మాట్లాడుతోంది. అవి ఏ బడిలోనూ నేర్పేవి కావు, ఆ ఇద్దరూ ఇంట్లో తయారుచేసుకున్నవి. పరీక్ష సంగతి నేను అడగలేదు. అతను కొత్త ప్రాసెసర్ తగిలించి, కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్కొక్క మెట్టే పెంచాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని చెవి మీద చెయ్యి పెట్టుకుంది. అంతకాలం నిశ్శబ్దంలో ఉన్నాక చప్పుడు దెబ్బలా తగులుతుందని అతను నాకు చెప్పాడు. తరవాత లేచి ఆమె వెనక్కి వెళ్ళి, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. ఆమె కిటికీలోంచి ఖర్జూర తోట వైపు చూస్తూ ఉంది.

"టైము పడుతుంది," అన్నాడు, ఆమెతోనో నాతోనో.

ఫారం బయటికి తీశాను. అతను నా చేతిలోంచి పెన్ను తీసుకుని పదకొండో గడిలో తనే రాశాడు: నజ్రాన్. కాగితం నా వైపు తోసి, "సరిచూడండి యా ముహందిస్. ఈసారి నిజమే" అన్నాడు. రెండేళ్ళలో అతని మొహంలో నవ్వు చూడటం అదే మొదటిసారి. టీ పెట్టాడు. మరమియ్య ఆకు వేసి, మూత పెట్టి, పొయ్యి ఆర్పేశాడు. మరగబెట్టకూడదట. నాకు అప్పుడు తెలిసింది.

టీ సగం అయ్యాక, "ఆ గురువారం," అని మొదలుపెట్టాను.

అతను గ్లాసు కింద పెట్టాడు. "సుత్తి నా చేతిలో ఉంది, యా ముహందిస్."

మిగతా టీ తాగి, సాయంత్రం బస్సెక్కాను.

అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి తేదీన అతని ఫోను నుంచి నాకు ఒక అంకె వస్తుంది. ముందు సలాం ఉండదు, తరవాత సంతకం ఉండదు. ఆ అమ్మాయి ప్రాసెసర్ రోజుకు సగటున ఎన్ని గంటలు వాడిందో ఆ సంఖ్య. మొదటి నెల: రెండు. తరవాత మూడు. మళ్ళీ మూడు. నేను "రాసుకున్నాను" అని మాత్రం జవాబిచ్చేవాణ్ణి. ఆ అంకెల పైన, అదే పుటలో, ఎర్ర సిరాతో "13" అని నేనే ఒకనాడు రాసిపెట్టుకున్నాను.

ఈ నెల మొదటి తేదీన ఐదు వచ్చింది. పెట్టెలు తూచిన సాయంత్రం అది. రాసుకున్నాక, అలవాటు తప్పి, ఒక ప్రశ్న పంపాను: వెనక నుంచి పిలిస్తే తిరుగుతోందా?

రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు వచ్చింది.

"తల్లి పిలిస్తే తిరుగుతుంది. నేను పిలిస్తే తిరగదు. ఇంకా."